కొవర్రూబియాస్ బాలి బొమ్మలు: గోడ మీదకు ఎక్కించే ముందు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: "విశాఖలో ఒక రిసార్టు గోడలకు బొమ్మలు వేసే పని వచ్చింది. క్లయింట్ ఇంటర్నెట్‌లోంచి కొన్ని ప్రింటౌట్లు తీసుకొచ్చి ఇలాంటివి కావాలన్నారు. గోధుమరంగు ఒళ్ళు, పొడవాటి చేతులు, తల మీద నైవేద్యాల బుట్టలు, వెనక కొబ్బరిచెట్లు. అన్నిటి కింద కొవర్రూబియాస్ అని సంతకం ఉంది. ఈయన ఎవరు? ఈ బొమ్మలు నిజంగా బాలి ద్వీపాన్ని చూపిస్తాయా, లేక టూరిస్టుల కోసం అల్లిన కలా? నేను వీటి నుంచి ఏం తీసుకోవచ్చు?"

సమాధానం:

మీ మూడు ప్రశ్నల్లో రెండోదే అసలు ప్రశ్న. దానికి నా జవాబు: రెండూ నిజమే, కానీ రెండూ ఒకే బొమ్మలో ఉండవు. మీ క్లయింట్ తెచ్చిన రంగుల బొమ్మల్లో కల పాలు ఎక్కువ. ఆయన పుస్తకంలో పేజీల మధ్య చిన్నచిన్నగా అచ్చయిన నల్లగీతల బొమ్మల్లో ద్వీపం ఉంది. ఇంటర్నెట్‌లో ఎక్కువ తిరిగేవి మొదటి రకం. పుస్తకాలకూ పత్రికలకూ బొమ్మలు వేస్తూ బతికినవాడిగా నన్ను ఇన్నేళ్ళూ పట్టి ఉంచినవి మాత్రం రెండో రకం. మీరు కూడా వాటిని చూశాకే బ్రష్ పట్టుకోవాలని నా కోరిక.

మిగెల్ కొవర్రూబియాస్ 1904లో మెక్సికో సిటీలో పుట్టారు. 1923లో, ఇంకా ఇరవై నిండకుండానే, న్యూయార్క్ చేరారు. కొద్దికాలంలోనే వానిటీ ఫెయిర్ పత్రికలో ఆయన క్యారికేచర్లకు మంచి పేరొచ్చింది, తర్వాత న్యూయార్కర్‌లోనూ వేశారు. సినిమా తారలు, రాజకీయ నాయకులు, రచయితలు, అందరి ముఖాలూ ఆయన చేతి కింద నుంచి వెళ్ళాయి. హార్లెమ్‌లోని క్లబ్బుల్లో కూర్చొని నల్లజాతి గాయకుల్నీ డ్యాన్సర్లనీ గీసి, 1927లో పుస్తకంగా తెచ్చారు. తర్వాతి జీవితంలో మెక్సికో పురావస్తు పరిశోధన, మ్యూజియం పనులు, నాట్యం, ఇలా చాలా వాటిలో తలదూర్చారు. 1957లో, 52 ఏళ్ళకే పోయారు. మీకు కావాల్సింది మధ్యలో ఉన్న పదేళ్ళు, 1930 నుంచి 1940 దాకా.

ఆ పదేళ్ళు అర్థం కావాలంటే క్యారికేచర్ పని ఏమిటో తెలియాలి. ఒక ముఖంలో ఏ రెండు మూడు ఆకారాలు తీసేస్తే ఆ మనిషి ఆ మనిషి కాకుండా పోతాడో వాటిని పట్టుకోవడం, మిగతావన్నీ వదిలేయడం, అదే క్యారికేచర్. కొవర్రూబియాస్ మీద క్యూబిజం అనే చిత్రకళా ధోరణి ప్రభావం కూడా ఉంది. తలను కోడిగుడ్డు ఆకారంగా, మెడను గొట్టంగా, చేతిని రెండు స్తంభాలుగా విడగొట్టి చూసేవారు. అందుకే మీ ప్రింటౌట్లలో ఆ చేతులు అంత నున్నగా, ఎముకలు లేనట్టు ఉంటాయి. చాలామంది దాన్ని "బాలి స్టైల్" అనుకుంటారు. కాదు. ఆ నునుపు న్యూయార్క్ పత్రికల పనిలో తయారైంది, బాలి వెళ్ళేసరికే ఆయన చేతిలో ఉంది. బాలి సంప్రదాయ చిత్రకళ, ముఖ్యంగా కమాసన్ ఊరి పద్ధతి, వేరే లోకం. అందులో మనుషులు తోలుబొమ్మల నుంచి దిగొచ్చినట్టు ఉంటారు, ఖాళీ అన్నది కనబడనంతగా అలంకారం నింపుతారు. రిసార్టు గోడ కింద "బాలినీస్ ఆర్ట్" అని రాయించాలని క్లయింట్ అడిగితే దయచేసి ఒప్పుకోకండి. అది ఒక మెక్సికన్ చిత్రకారుడి చూపు.

1930లో ఆయన రోసాను పెళ్ళి చేసుకున్నారు. గ్రెగోర్ క్రౌజె అనే జర్మన్ డాక్టరు తీసిన బాలి ఫోటోల ఆల్బమ్ ఆయన్ని అంతకుముందే ఊరిస్తూ ఉంది. ఇద్దరూ ఓడెక్కారు. దారిలో మలయ్ భాష నేర్చుకున్నారు. టూరిస్టుల కోసం డెన్‌పసార్‌లో 1928లోనే బాలి హోటల్ తెరిచారు గానీ వీళ్ళు అక్కడ స్థిరపడలేదు. ఊళ్ళోనే బెలలువాన్ పేటలో గుస్తి అలిత్ ఓకా అనే రాజవంశీకుడి ఇంటి ఆవరణలో కాపురం పెట్టారు. ఆ పేటలో మంచి గామెలాన్ వాద్యబృందం ఉండేది. అంటే సాధన ఇంటి పక్కనే. 1933లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ మీద మళ్ళీ వెళ్ళారు. ఆ రెండు మకాముల ఫలితం 1937లో న్యూయార్క్‌లో క్నాఫ్ సంస్థ వేసిన "ఐలాండ్ ఆఫ్ బాలి" అనే లావుపాటి పుస్తకం. రచన, బొమ్మలు ఆయనవి. ఫోటోల ఆల్బమ్ రోసాది. ఆమె స్వతహాగా డ్యాన్సర్, కెమెరా కూడా బాగా తెలిసిన మనిషి. ఈ పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరు వదిలేయడం అన్యాయం.

ఇప్పుడు ఆ నల్లగీతల బొమ్మల దగ్గరికొద్దాం. వీలైతే పాత ముద్రణ కాపీ చూడండి. దొరక్కపోతే తర్వాత వచ్చిన ముద్రణలైనా సరే, గీత బాగానే కనబడుతుంది.

వాటిలో ఏముంటాయి? వరి పని. ఒక ఇంటి ప్లాను, ఏ గది ఎటు ఉండాలో. నాట్యంలో ఒక్కో భంగిమ. గామెలాన్ వాయిద్యాలు విడివిడిగా. నైవేద్యాలకు కొబ్బరాకు ఎలా కత్తిరిస్తారు, ఎలా మడుస్తారు. పండుగ రోజు గుడి ముందు వేలాడదీసే లామాక్ అనే ఆకు తోరణాల మీద నమూనాలు. "చిలి" అనే ఆడబొమ్మ, విసనకర్రలా విప్పుకున్న కిరీటంతో, వరికి అధిదేవత అయిన దేవి శ్రీకి సంబంధించిన రూపం. దహన సంస్కారానికి కట్టే గోపురాలు, శవాన్ని ఉంచే జంతువుల ఆకారపు పెట్టెలు. రంగ్దా అనే మంత్రగత్తె, ఆమెకు ఎదురు నిలిచే బారోంగ్ అనే మృగం, వీళ్ళ ముసుగులు. అందంగా ఉండడం వీటి మొదటి పని కాదు. చూసినవాడికి "ఇది ఇలా తయారవుతుంది, ఇలా పనిచేస్తుంది" అని తెలియజెప్పడం మొదటి పని. అందం ఆ వెనకాలే వచ్చింది.

నాకు చాలా ఇష్టమైనవి నాట్యం బొమ్మలు. లెగోంగ్ అనే నాట్యం ఆడే చిన్నపిల్లల ఒంటిని బంగారుపూత వేసిన గుడ్డ చంకల దాకా బిగించి చుట్టేస్తుంది. నడుము నుంచి కిందికి స్వేచ్ఛ తక్కువ, కదలికంతా మెడ, భుజం, మోచెయ్యి, వేళ్ళ కొసల్లోకి వెళుతుంది. కెబ్యార్ అనే ఇంకో నాట్యంలో మగమనిషి కూర్చునే ఆడతాడు, 1920ల్లో మారియో అనే నర్తకుడు దానికి కొత్త ప్రాణం పోశారు. ఆ బొమ్మల్లో ముఖం దాదాపు ఖాళీ. కళ్ళు రెండు చిన్న గీతలు. కానీ మోచెయ్యి ఎక్కడ మడిచింది, బరువు ఏ తుంటి మీద పడింది, వేలు ఎంత వెనక్కి వంగింది అన్నది ఒక్క గీత తేడా లేకుండా ఉంటుంది. వందల ముఖాలు గీసినవాడు ఇక్కడ ముఖాన్ని వదిలేశాడు! ఎందుకంటే ఆ నాట్యంలో నర్తకి ముఖం ఒక ముసుగులా నిశ్చలంగా ఉంటుంది, మనిషి గుర్తు ఒంట్లో ఉంటుంది. క్యారికేచర్ నేర్పిన ఎంపికే ఇది, కొత్త చోట కొత్తగా పెట్టుకున్నారు. దీన్ని మీ స్కెచ్‌బుక్‌లో ఒకసారి కాపీ చేసి చూడండి. నకలు దించడానికి కాదు, ఆయన ఏం వదిలేశారో మీ చేతికి తెలియడానికి.

ఇంకో సంగతి ఆ కాలపు అచ్చుకు సంబంధించింది. అప్పట్లో గీతబొమ్మలు మామూలుగా లైన్ బ్లాకు మీద, అంటే గీతలు ఉబ్బెత్తుగా ఉండే లోహపు అచ్చు మీద, అచ్చయ్యేవి. బ్లాకుకు నలుపు తెలుసు, తెలుపు తెలుసు, మధ్యలో బూడిదరంగు తెలియదు. నీడ కావాలంటే గీతలు పక్కపక్కన పేర్చాలి, చుక్కలు పెట్టాలి, లేదా నీడే మానేయాలి. ఫోటోలకు, రంగుల పెయింటింగులకు హాఫ్‌టోన్ (సన్నని చుక్కలతో నీడల మెట్లు చూపే పద్ధతి) కావాలి, దానికి ఖర్చు వేరు, కాగితం వేరు. మన వారపత్రికల్లో కూడా అదే పద్ధతి నడిచింది. నేను ఈ వృత్తిలోకి వచ్చేసరికి బ్లాకులు అక్కర్లేని ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చేసింది గానీ సీనియర్ల చేతుల్లో బ్లాకుల నాటి క్రమశిక్షణ అలాగే ఉండేది, ఒక గీత వేశారంటే దానికో కారణం ఉండేది. బాపు గారి గీతను ప్రేమించిన తెలుగువాడికి కొవర్రూబియాస్ గీతలోని పొదుపు వెంటనే అర్థమవుతుంది. ఇద్దరికీ సంబంధం ఉందని నేను అనడం లేదు, మన కన్ను అలాంటి గీతకు ముందే అలవాటుపడిందని అంటున్నాను.

అంతకంటే లోతైన బంధం మరొకటి ఉంది. బాలి తోలుబొమ్మలాట, వాయాంగ్. మన రామాయణ భారతాలే అక్కడా కథలు. అర్జునుడు, భీముడు లాంటి వీరులు కవి అనే పాత సాహిత్య భాషలో మాట్లాడతారు, చూసేవాళ్ళలో చాలామందికి అది అర్థం కాదు. అందుకని త్వాలెన్, మెర్దా అనే సేవకులు మధ్యలో దూరి అదంతా వాడుక బాలినీస్‌లో, హాస్యం కలిపి చెబుతారు. మన ఆటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క చేసే సందడి గుర్తొస్తుంది కదూ. కొవర్రూబియాస్ ఈ సేవకుల గురించి శ్రద్ధగా రాశారు. ఆ పుస్తకం చదివే అమెరికన్ పాఠకుడికి అవన్నీ కొత్త పేర్లు. మనకు సగం చుట్టాలే. ఆ పేజీలు మీరు తప్పకుండా చదవాలి, మిగతా ప్రపంచానికంటే మీకు ఎక్కువ అందుతాయి.

ఇప్పుడు కల సంగతి.

"ఆఖరి స్వర్గం" అని బాలికి 1930ల్లో తగిలించిన పేరు వెనక రక్తం ఉంది. 1906 సెప్టెంబర్‌లో డచ్చి సైన్యం డెన్‌పసార్ మీదికొచ్చినప్పుడు బాడుంగ్ రాజకుటుంబం తెల్లబట్టలు కట్టుకొని, నగలు పెట్టుకొని, ఆడవాళ్ళు పిల్లలతో సహా తుపాకులకు ఎదురు నడిచింది. దాన్ని పుపుతాన్ అంటారు. 1908లో క్లుంగ్‌కుంగ్‌లో మళ్ళీ అదే జరిగింది. ఆ తర్వాత అదే డచ్చి ప్రభుత్వం బాలిని "మార్పు లేని సంప్రదాయ ద్వీపం"గా కాపాడుతున్నామని చెప్పుకుంది, డచ్చి ఓడల కంపెనీ టూరిస్టుల్ని తెచ్చింది. రొమ్ములు కప్పుకోని ఆడవాళ్ళ ఫోటోలు ఆ ప్రచారంలో పెద్ద సరుకు. అప్పటి బాలిలో అది మామూలు వేషమే, అందులో ఎవరికీ వింత లేదు. వింతగా చేసి అమ్మింది బయటివాళ్ళు.

కొవర్రూబియాస్ అందులో భాగమా? నా జవాబు: కొంత, అవును. న్యూయార్క్ గ్యాలరీ గోడ కోసం వేసిన రంగుల బొమ్మల్లో ఆడవాళ్ళు ఏ పనీ లేకుండా, ఎవరో చూస్తారన్నట్టు ఉంటారు. పుస్తకం వచ్చిన రోజుల్లో న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణం ఆయన బాలి డిజైన్లతో బట్టలు కూడా అమ్మింది. టూరిజం బాలిని పాడుచేస్తుందని బాధపడిన మనిషి పుస్తకమే ఎంతోమందికి బాలి వెళ్ళాలన్న కోరిక పుట్టించింది. అదే సమయంలో, పుపుతాన్ కథను ఆ పుస్తకంలో దాచకుండా చెప్పింది కూడా ఆయనే. మిషనరీల వల్ల, విదేశీ సరుకుల వల్ల ఆ జీవితానికి ఏమవుతుందోనన్న ఆందోళన చివరి పేజీల్లో బాహాటంగా ఉంటుంది. ఇవి రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒకదాన్ని తీసి పారేసి రెండోదాన్ని మాత్రమే మెచ్చుకోవడం నాకు చేతకాదు.

ఆయన ఒంటరిగా చూడలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఉబుద్‌లో వాల్టర్ స్పీస్ అనే జర్మన్ చిత్రకారుడు 1927 నుంచే ఉన్నారు. కొవర్రూబియాస్ దంపతుల్ని ద్వీపమంతా తిప్పి చూపించింది ఆయనే. స్పీస్, రుడాల్ఫ్ బొనె అనే డచ్చి చిత్రకారుడు, ఉబుద్ రాజకుటుంబానికి చెందిన చొకొర్ద గడె అగుంగ్ సుకవతి కలిసి 1936లో పిత మహా అనే కళాకారుల సంఘం పెట్టారు. అందులో గుస్తి న్యోమన్ లెంపాద్ లాంటి మహానుభావుడున్నారు. మీకు బాలి గీత కావాలంటే, బయటివాడి చూపు కాకుండా లోపలివాడి గీత కావాలంటే, లెంపాద్ బొమ్మలు వెతకండి. సన్నని సిరా గీత, అక్కడక్కడ కొద్దిగా ఎరుపు, బంగారం, చుట్టూ ధైర్యంగా వదిలిన తెల్లకాగితం. క్లయింట్‌కు కొవర్రూబియాస్ పక్కన లెంపాద్‌ను పెట్టి చూపించండి.

కొవర్రూబియాస్ కంటే ముందు, 1904లోనే, న్యూవెన్‌కాంప్ అనే డచ్చి చిత్రకారుడు సైకిలేసుకొని బాలి తిరిగారు. ఉత్తర బాలిలో కుబుతంబహన్ ఊరి గుడి గోడ మీద సైకిల్ తొక్కుతున్న మనిషి శిల్పం ఉంది, వెనక చక్రం తామరపువ్వు. అది ఆయన బొమ్మేనని అంటారు. బాలివాళ్ళు కూడా వచ్చినవాళ్ళను చూసి చెక్కుకున్నారన్నమాట!

మీ పనికి నేరుగా పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను. మీ క్లయింట్‌ది సముద్రం ఒడ్డున రిసార్టు. కానీ కొవర్రూబియాస్ బాలిలో సముద్రానికి పెద్ద చోటు లేదు. ద్వీపంలో ఉంటూ కూడా సముద్రం వైపు కాకుండా కొండ వైపు చూసే అరుదైన జనం వీళ్ళు అని ఆయనే గమనించారు. బాలిలో కొండ దిక్కు దేవుళ్ళది, సముద్రం దిక్కు కీడు శక్తులది. ఇంట్లో పూజాస్థలం కొండ వైపు ఉంటుంది. పడుకునేటప్పుడు తల ఎటు పెట్టాలన్నది కూడా దాన్నిబట్టే. ఇంటిని మనిషి ఒంటితో పోలుస్తారు: కులదేవతల గుడి తల, మధ్య వాకిలి బొడ్డు, వంటిల్లూ గాదే కాళ్ళు. అందుకే ఆయన బొమ్మల్లో పొలాలు, గుళ్ళు, సంతలు, ఊరి బాటలు అన్నీ కనిపిస్తాయి. బీచ్ మీద కొబ్బరిచెట్టు కింద పడుకున్న సుందరి బాలి కాదు, అది ఓడల కంపెనీ పోస్టరు.

సముద్రమే కావాలంటే ఆయన తర్వాతి పని చూడండి. 1939లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ట్రెజర్ ఐలాండ్ అనే కృత్రిమ ద్వీపం మీద పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. దానికి పసిఫిక్ మహాసముద్రాన్ని మధ్యలో పెట్టి ఆరు గోడ పటాలు (మ్యాపులు) వేశారు. జనం, జంతువులూ చెట్లూ, కళారూపాలు, పంటలూ సరుకులూ, ఇళ్ళు, ప్రయాణ సాధనాలు, ఒక్కోదానికి ఒక్కో పటం. పెద్దవి ఇరవై అడుగులకు పైనే వెడల్పు. మెక్సికో చిత్రకారుడు ఆంతోనియో రుయిజ్ సాయం చేశారు. కళారూపాల పటం తర్వాత ఎక్కడో కనబడకుండా పోయింది. అచ్చు ప్రతులు 1940లో వచ్చాయి కాబట్టి దాని రూపమైనా మనకు మిగిలింది. అంత పెద్ద సైజులో కూడా ఒక్కో మనిషి, ఒక్కో పడవ దగ్గరికెళ్ళి చూస్తే చిన్న ఇలస్ట్రేషనే. దూరం నుంచి మాత్రం రెండు మూడు చదునైన రంగుల ముద్దలుగా కళ్ళకు అందుతాయి. గోడ పనికి నాకు తెలిసిన మంచి పాఠాల్లో ఇదొకటి.

ఆ పటాలు ఆయన గోడ మీద నేరుగా వేయలేదు, మేసొనైట్ అనే, చెక్కపీచు నొక్కి చేసిన పలకల మీద లాకర్ రంగులతో వేశారు. అందుకే ప్రదర్శన అయిపోయాక విప్పి వేరేచోట పెట్టగలిగారు. మీరు కూడా సముద్రపు ఉప్పుగాలి తగిలే గోడ మీద నేరుగా వేయకండి. ఎంత మంచి ప్రైమర్ వేసినా తేమ లోపలి నుంచి తోస్తుంది, పొర లేస్తుంది. సిమెంటు బోర్డు పలకల మీద వేసి, గోడకు కాస్త ఎడం ఉంచి బిగించమనండి. పాడైన పలక ఒక్కదాన్నే మార్చుకోవచ్చు.

ఏం వేయాలి అన్నదానికి నా అభిప్రాయం. ఆయన బాలిలో చేసిన పనిని మీరు విశాఖలో చేయండి. ఫిషింగ్ హార్బర్‌కి, పెద జాలరిపేటకి తెల్లవారకముందే వెళ్ళండి. వల ఎలా బాగుచేస్తారు, దారం ఏ వేలికి చుడతారు, గంప తలకెత్తుకునేటప్పుడు ఆమె మెడ, నడుము ఏం చేస్తాయి, తెప్ప దుంగల్ని ఎలా కడతారు, చేపల్ని ఏ వరుసలో ఎండేస్తారు. ఇవి గీయండి. అడిగి గీయండి, వాళ్ళ పక్కన కూర్చొని గీయండి. మొబైల్‌తో ఫోటో తీసుకొచ్చి ఇంట్లో గీస్తే గంప కింద మెడ మీద పడే బరువు మీకు తెలియదు. గీతలో పొదుపు, చదును రంగులు, గుండ్రటి ఆకారాలు కొవర్రూబియాస్ దగ్గర తీసుకోండి, అవి ఎవరి సొత్తూ కాదు. ఆయన బాలి ఆడవాళ్ళను తెచ్చి విశాఖ గోడకు అతికించకండి.

కాపీరైట్ గురించి కూడా ఒక మాట. మన చట్టంలో కళాకారుడు పోయాక 60 ఏళ్ళ రక్షణ, ఆయన విషయంలో అది దాటిపోయింది. అమెరికా, మెక్సికోల్లో లెక్కలు వేరు, గడువు ఇంకా పొడుగు. రిసార్టువాళ్ళు ఆ బొమ్మల్నే యథాతథంగా పెంచి వేసి, వెబ్‌సైట్లోనూ కప్పుల మీదా వాడుకుంటామంటే లాయరును అడగమనండి, ఆ టెన్షన్ మీ మీద పెట్టుకోకండి. అగ్రిమెంటులో "స్వంత డిజైన్లు" అని రాయించుకోండి.

క్లయింట్ దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు రంగులు చూపించకండి. నల్ల సిరాతో మూడు నాలుగు స్కెచ్‌లు, ఒక్కోదానిలో ఒక్క పని, ఒక్క మనిషి. అవి నచ్చాక రంగు మాట. హార్బర్‌లో గీసినవి ఇక్కడ పెట్టండి, పెన్సిల్ బొమ్మలైనా సరే. గీత ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ ఇంకా చూడాలో చెబుతాను.